నీకొక్కడికే

జూన్ 13

వేసవి సెలవులయ్యాక కోర్టు తెరిచారు, నా తలనొప్పీ తెరుచుకుంది. నాగదుర్గారావు బెయిల్ పిటిషన్ వేశాను. జైల్లో కలిసినప్పుడు వాడు ఏడుపుతో మొదలుపెట్టాడు, "జరిగిందంతా చెప్పేస్తానండి, ఏమీ దాచనండి" అని. అందరికీ చెప్పేదే వాడికీ చెప్పాను. నిజం నాకొద్దు బాబూ, కాగితం ఏం చెబుతుందో అది చాలు. అయినా చెప్పేశాడు.

వాదనకి వరస కుదరాలని ఇక్కడ రాసుకుంటున్నాను. వీళ్లది కొల్లేటి లంకలో చేపల చెరువులున్న ఇల్లు. ఆ చెరువుల మీద పనిచేసే అంకయ్య కూతురు సౌజన్య. తాడేపల్లిగూడెం హాస్టల్లో ఉండి ఎంబీఏ చదువుతోంది. ఇరవై మూడేళ్ల మనిషి, చిన్నపిల్ల కాదు. ఇద్దరికీ స్నేహం. ఎవరికీ చూపించకూడని ఫొటో ఒకటి తనే తీసుకుని వీడికి పంపింది. తర్వాత ఆమెకి ఇంకొకరితో పెళ్లి కుదిరింది. వీడికి ఒళ్లు మండి ఆ ఫొటో నలుగురు స్నేహితులున్న గ్రూపులో పెట్టాడు. ఊరంతా తెలిసింది, పెళ్లి చెడింది. తప్పే. తప్పు కాదని నేనూ అనను. కానీ పోలీసులు బెదిరించి లాక్కున్న ఫొటో అని రాశారు. అది మాత్రం అబద్ధం. నా పాయింటు అదే.

ఆ ఫొటో పంపుతూ కింద ఆమె రాసిన మాట "నీకొక్కడికే". దాన్ని నా ఫోన్లోకి తెప్పించుకుని, అందులోనే వేలితో ఆ మాట చుట్టూ గుండ్రం గీశాను. కొంచెం వంకర పోయింది. పోతే పోయింది, జడ్జి గారి కంట్లో పడితే చాలు.

ప్రింట్లకి అజ్మల్ జెరాక్స్ షాపుకి వెళితే వాడి మిషన్ మొరాయించింది. ప్రతి పేజీకీ ఎడమవైపు పైనుంచి కిందదాకా నల్లటి గీత. "డ్రమ్ము అరిగిందాపా" అంటాడు తాపీగా. మా అమ్మ వాళ్ల వీధి వాడు, చిన్నప్పటి నుంచీ ఆపా అని, అక్కా అని పిలిచేవాడని ఊరుకుంటున్నాను గానీ ఇంకొకడైతేనా! పాడైన కాగితాలు కౌంటరు కింద అట్టపెట్టెలో విసిరేసి, మళ్లీ తియ్యమన్నాను. టోనరూ అదీ ఏదో కదిపాడు, రెండోసారి శుభ్రంగా వచ్చాయి. కోర్టుకొకటి, సర్కారు వకీలుకొకటి, నా ఫైలుకొకటి.

పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఎదురుగా బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను. పొట్లం విప్పితే ఎవరిదో విడాకుల పిటిషన్, రెండో పేజీ. మొగుడు కొట్టేవాడట. మా కోర్టు గేటు దగ్గర ఇది మామూలే. నవ్వుకుని చెయ్యి దానికే తుడుచుకున్నాను.

జూన్ 17

బెయిల్ వచ్చింది! రాదని బార్ రూములో అందరూ పందేలు కాసినంత పని చేశారు. రజియా అంటే ఏమనుకున్నారో.

సర్కారు వకీలు గట్టిగానే అరిచాడు. నేను అరవలేదు. "ఆరో పేజీ చూడండి సార్, ఆమె మాటే, ఆమె ఇష్టంతోనే" అన్నాను. జడ్జి గారు పేజీ తిప్పి, కళ్లద్దాలు తీసి, తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడే నాకు తెలిసిపోయింది. సౌజన్య వెనక బల్ల మీద వాళ్ల నాన్న పక్కన కూర్చుంది. నేను అటు చూడలేదు. వాదించేటప్పుడు అటు చూడకూడదు.

బయటికొచ్చాక జాషువా పట్టుకున్నాడు. నాతోపాటు ఒకే సీనియర్ దగ్గర పని నేర్చుకున్నవాడు, నొప్పించకుండా గుచ్చడం వాడికే చెల్లు. "ఫొటో మీద నల్లపట్టీ వెయ్యాల్సిందేమో మేడం. లేదా సీల్డ్ కవర్లో ఇవ్వాల్సింది" అన్నాడు.

"పట్టీ వేస్తే నవ్వు కనపడదుగా" అన్నాను.

అవును, ఫొటోలో ఆ పిల్ల నవ్వుతోంది. అది కనపడాలనే అలా ఉంచేశాను. నా క్లయింటు కోసం నేను చెయ్యాల్సింది చేశాను.

సాయంత్రం వాడి తల్లి సూర్యకాంతం తిన్నగా ఇంటికొచ్చింది, తడి గోనెసంచిలో కొర్రమేనులతో. అవి ఇంకా కొట్టుకుంటున్నాయి. "మా ఇంటి పరువు నిలబెట్టారండి. మీ కడుపు చల్లగుండ" అని కాళ్లకి దణ్ణం పెట్టబోయింది. ఎవరి పరువు నిలబడిందో నేను అడగలేదు. పులుసు మాత్రం బాగా కుదిరింది.

జూన్ 25

వాన. ఏమీ లేదు.

జూలై 4

మా అమ్మాయి నిలోఫర్ వట్లూరు కాలేజీ నుంచి మొహం గంటు పెట్టుకుని వచ్చింది. బ్యాగు పడేసి ఫోను నా ముందు పెట్టింది.

"చూడమ్మీ, మా క్లాసు గ్రూపులో ఎవడో పెట్టాడు. ఎక్కడెక్కడో తిరుగుతోందట ఇది. నేను రిపోర్టు కొట్టి బయటికొచ్చేశాను. నువ్వు లాయరువి కదా, ఎవరికి చెప్పాలో చెప్పు."

సౌజన్య ఫొటో. మొహం మీద ఏ మసకా లేదు, ఆ నవ్వు అలాగే ఉంది.

"ఎవరో గుండ్రం కూడా గీశారు చూడు" అంది నా కూతురు. "వాళ్లకి అమ్మా అక్కా ఉండరేమో. ఎంత నీచులై ఉంటారో!"

అది ఫోన్లోంచి తీసింది కాదు. ఒక కాగితానికి తీసిన ఫొటో. కాగితం మీద నూనె మరకలు. ఎడమవైపు పైనుంచి కిందదాకా నల్లటి గీత.

నా వేలితో గీసిన వంకర గుండ్రం నేను గుర్తుపట్టనా!

"ఏమైందమ్మీ? చెమటలు పడుతున్నాయేంటి?" అంది. ఉక్కగా ఉందన్నాను. బయట వాన పడుతోంది.

జూలై 5

గీత ఏ మిషనుకైనా పడుతుంది. ఏలూరులో ఎన్ని జెరాక్స్ షాపుల్లేవు.

జూలై 6

పోలీసుల దగ్గర నుంచి కూడా పోయి ఉండొచ్చు. సర్కారు వకీలు ఆఫీసులోంచి పోయి ఉండొచ్చు. వాళ్లకేం జాగ్రత్త ఉంటుంది కనక.

జూలై 8

నాగదుర్గారావు ఫోను. పోలీసులు బెయిల్ రద్దు పిటిషన్ వేశారట. బెయిల్ కాగితాల్లోని ఫొటోని ముద్దాయే మళ్లీ బయట పెట్టాడనీ, కక్షతో అమ్మాయి మాట చుట్టూ గుండ్రం గీశాడనీ.

"నా దగ్గర ఆ కాగితాలే లేవండి! మీరు నాకు ఇవ్వనే లేదు కదండీ! మా అమ్మ మీద ఒట్టండి, మొదటిది నేనే చేశాను, ఇది నేను కాదండి. నమ్మండి మేడం."

నమ్ముతున్నానని అన్నాను. నమ్మడమేమిటి, తెలుసు. ఈ భూమ్మీద వాడి మాట నిజమని రూఢిగా తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

జూలై 9

అజ్మల్ షాపుకి వెళ్లాను. ఏదో పని ఉన్నట్టు రెండు అఫిడవిట్లు తీయించాను. ఎక్కడా గీత పడలేదు.

"డ్రమ్ము మార్పించావా?"

"మీరు తిట్టిన మర్నాడే మార్పించానాపా. ఆ ఒక్క పూటే అలా సతాయించింది."

ఆ ఒక్క పూటే. ఎవరి కాగితాలో అనుకోవడానికి కూడా చోటివ్వలేదు వెధవ.

"పాడైన కాగితాలు ఏం చేస్తావు?"

"బజ్జీ బండికే కదాపా! మీకు తెలియనిదేముంది, కొత్తగా అడుగుతారేంటి?"

తెలుసు. ఇన్నేళ్లుగా తెలుసు. చింపెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? రెండు చేతులతో ఒకసారి అటూ ఇటూ లాగితే చాలు. ఆడపిల్ల ఫొటో ఉన్న కాగితాన్ని అట్టపెట్టెలోకి విసిరేసి, ఆ పక్కనే నిలబడి బజ్జీలు తిన్నాను.

వచ్చేటప్పుడు, "కాగితాలు బండికిచ్చే సంగతి ఎవరైనా అడిగితే చెప్పకు" అన్నాను. అజ్మల్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఎవరడుగుతారాపా? ఏం జరిగింది?" ఏమీ లేదన్నాను. తేలు కుట్టిన దొంగలా ఆటో ఎక్కేశాను. సాక్షికి మాటలు నేర్పడం ఎంత తప్పో జూనియర్లకి క్లాసు పీకే మనిషిని నేను.

జూలై 10

వాడేమీ పునీతుడు కాదు. మొదటి నేరం వాడిదే. జైలుకి పోతే పోనీ. ఎప్పుడో పడాల్సిన శిక్ష ఇప్పుడు పడుతుంది, అంతే కదా.

జూలై 11

అంతే కదా.

జూలై 14

వేరే కేసు పని మీద తాడేపల్లిగూడెం వెళ్లాను. పని పది నిమిషాల్లో అయిపోయింది. రైస్ మిల్లుల వీధి దాటాక సౌజన్య హాస్టలుంది, చార్జిషీటులో అడ్రసు చూసి ఉన్నాను. వెళ్లి ఏం చెయ్యాలని వెళ్లానో నాకే తెలియదు. వార్డెన్ నన్ను ఎవరి తల్లో అనుకుని కుర్చీ వేసింది.

"సౌజన్యా? ఖాళీ చేసేసిందండి. పరీక్షలు కూడా రాయలేదు. బాగా చదివేదండి పాపం. ఎవడో గుండ్రాలు గీసి మరీ తిప్పుతున్నాడటగా, ఆడి చేతులు పడిపోనూ! మీరు ఆ అమ్మాయికి ఏమవుతారండి?"

ఏమీ కానని చెప్పాను. బస్సులో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాటిని చూడాలంటే అసహ్యంగా ఉంది.

జూలై 16

ఈ రోజు వాయిదా. పోలీసులు గడువు అడిగితే 22కి వేశారు. బతికానురా అనుకున్నాను, సిగ్గు లేకుండా.

కారిడార్లో అంకయ్య ఎదురయ్యాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని పక్కకి జరిగి దారిచ్చాడు. నేను ఆగకుండా వెళ్లిపోవాల్సింది.

"నమస్కారమండి మేడం గారూ" అన్నాడు.

"నమస్కారమండి."

"ఆడు బయటికొచ్చి ఇలాంటి పని చేత్తాడని మీరు మాత్రం కలగన్నారా ఏంటండి. మీ పని మీరు చేశారు. మేం మిమ్మల్ని ఏమీ అనుకోవటం లేదండి."

ఆ మాట కంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

"అమ్మాయి ఎలా ఉందండి?" అని అడిగాను. ఏ మొహం పెట్టుకుని అడిగానో.

"గది తలుపు తియ్యట్లేదండి. చెరువు గట్టు మీద ఎవరైనా ఫోను పట్టుకు నిలబడితే ఆడేమో, ఫొటో తీత్తన్నాడేమో అని కిటికీ మూసేత్తంది. ఆణ్ణి మళ్లీ లోపలేత్తే కాస్త ధైర్యం వత్తదేమోనని వాళ్లమ్మ ఆశండి."

అంటే నేను నోరు మూసుకుంటే ఆ ఇంటికి కాస్త నిద్ర పడుతుంది. నాకు ఇంతకంటే మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది? ఇంటికొచ్చేదాకా ఆ సాకుని చంటిపిల్లలా మోసుకొచ్చాను. గుమ్మంలోకి వచ్చాక తెలిసింది, వాడు లోపలున్నాడని ఆ పిల్ల కిటికీ తెరుస్తుంది. కానీ ఆ ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండానే తెరుస్తుంది. రేపు నాలాంటిది ఇంకొకతె ఇంకొక అట్టపెట్టెలో విసిరేస్తుంది.

జూలై 18

జాషువాకి చెప్పేశాను. మా ఆయన నవీద్‌కి చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేని మాట జాషువాకి చెప్పాను. వాడు లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

"మేడం, ఈ మాట ఇక్కడితో ఆపెయ్యండి. నోరు విప్పితే మీ మీద కేసు పడొచ్చు, నల్లకోటు పోవచ్చు. పిల్ల కాలేజీలో తలెత్తుకోగలదా? పైగా ఎవడి కోసం? మొదటిది వాడు చేసిందే కదా. జైలుకి పోతే పోనివ్వండి."

పదో తారీఖున ఈ డైరీలో నేను రాసిన మాటే. అక్షరాలు అటూ ఇటూ అయినా అర్థం అదే. రాసినప్పుడు న్యాయంగానే అనిపించింది. ఇంకొకరి నోట వింటే కంపు కొట్టింది.

"నువ్వు నా వకాలత్ తీసుకుంటావా?" అన్నాను.

జాషువా సొరుగులోంచి ఖాళీ వకాలత్ ఫారం తీశాడు. మెల్లగా, "జరిగిందంతా చెప్పండి, ఏదీ దాచకండి" అన్నాడు. నేను క్లయింట్లకి ఎన్నడూ చెప్పని మాట అది. కుర్చీ ఇటువైపు నుంచి కూర్చుంటే బల్ల ఎంత ఎత్తుగా ఉంటుందో ఈ రోజే చూశాను.

జూలై 19

నిలోఫర్‌కి చెప్పాను. "నీచులు" అన్నది నన్నేనని చెప్పాను. అది నా మొహంలోకి చూడలేదు. అన్నం తినకుండా గదిలోకి పోయింది.

నవీద్‌కి కూడా చెప్పాను. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 20

నిలోఫర్ తనే వచ్చి పక్కన కూర్చుంది. "ఆ అక్కకి సారీ చెబుతావా?" అంది. "సారీ చెబితే సరిపోతుందా?" అన్నాను. "సరిపోదు. అయినా చెప్పాలిగా" అంది. లాయరు కడుపున లాయరే పుట్టింది.

జూలై 22

నాగదుర్గారావు తరఫున వకాలత్ ఉపసంహరించుకుంటున్నానని మెమో వేశాను. దాంతోపాటు నా అఫిడవిట్. నా వేలితో గీసిన గుండ్రం, అజ్మల్ షాపు, గీత పడ్డ కాగితాలు, అట్టపెట్టె, బజ్జీ బండి. అజ్మల్‌ని నోరు మూసుకోమన్న సంగతి కూడా రాశాను. అది రాయొద్దని జాషువా రెండుసార్లు కొట్టేశాడు, నేను రెండుసార్లూ మళ్లీ రాశాను.

జడ్జి గారు అఫిడవిట్ అంతా పైకే చదివారు. తలెత్తి, "ఈ ఫొటోని ముసుగు లేకుండా ఎందుకు దాఖలు చేశారు?" అని అడిగారు.

సిద్ధంగా సమాధానం ఉంది. ముద్దాయి హక్కు, సాక్ష్యం పూర్తిగా చూపించాలి, ఏదో ఒక తీర్పు పేరు చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది.

"ఆ అమ్మాయి నవ్వు మీకు కనపడాలని సార్" అన్నాను. "నవ్వు చూస్తే మీకు జాలి తగ్గుతుందని."

ఆయన రద్దు పిటిషన్ కొట్టేశారు. ఆరో పేజీని సీల్ చెయ్యమన్నారు. నా మీద విచారణకి ఎస్పీకి కాపీ పంపమన్నారు. వాడి అసలు కేసు వాడిది అలాగే ఉంది, అది వాడు పడాల్సిందే.

బయట సూర్యకాంతం పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మా వాడి కోసం మీ మెడకి తగిలించుకున్నారండీ! మీరు దేవతండీ!" అని ఏడ్చింది. చేతులు విడిపించుకోవడం కష్టమైంది. వాడి కోసం చెయ్యలేదని చెప్పాను. ఆవిడకి ఎక్కలేదు.

గేటు దగ్గర అంకయ్య, సౌజన్య నిలబడి ఉన్నారు. ఆ పిల్ల చున్నీ ముక్కు దాకా కప్పుకుంది. అంకయ్య ఈసారి నమస్కారం పెట్టలేదు. న్యాయంగా ఉంది.

నేనే వెళ్లాను. "క్షమించమ్మా" అన్నాను. అంతకంటే పెద్ద మాటలు చాలా ఆలోచించి పెట్టుకున్నాను, ఒక్కటీ రాలేదు.

సౌజన్య చున్నీ కిందికి దించి నా వంక చూసింది. ఫొటోలో తప్ప ఆ మొహాన్ని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"ఒక్క మాట అడగొచ్చాండీ?"

"అడుగమ్మా."

"గుండ్రం గీసేటప్పుడు, లోపలున్న మాట చదివారాండీ?"

నీకొక్కడికే. నాకు కాదు, జడ్జికి కాదు, అజ్మల్‌కి కాదు, బజ్జీలు తినేవాళ్లకి కాదు. ఆమె ఇష్టమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది, హద్దుతో సహా. ఇష్టం ఉందని చూపించడానికి నేను దాని చుట్టూనే గీశాను.

"చదివానమ్మా" అన్నాను.

తల ఊపింది. కోపం కూడా లేదు ఆ మొహంలో.

"ఎవరు గీసినా, చదవలేదేమో అనుకున్నానండి ఇన్నాళ్లూ" అంది.

మళ్లీ చున్నీ కప్పుకుని, వాళ్ల నాన్న వెనకే వెళ్లి కైకలూరు బస్సెక్కింది.